కళ్లద్దాలకు కనిపించని ఎముక

ప్రశ్న: సార్, ఫోన్ల ఒక వీడియో చూసిన. డాక్టరు నల్ల కండ్లద్దాలు పెట్టుకుంటే పేషెంటు తోలు లోపలున్న బొక్కలు కనబడుతున్నయి. అవి ఎక్స్‌రే అద్దాలా? మా నాయినమ్మకు నడుము ఆపరేషన్ అయితదంటున్నరు. గసొంటి అద్దాలు మన సూర్యాపేటకు కూడా వస్తయా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, కోదాడ

జవాబు: కాదు బిడ్డా, అవి ఎక్స్‌రే అద్దాలు కావు. వాటిలోంచి ఏ కిరణమూ వెళ్లి పేషెంటు ఒంట్లో దూరదు. ఆ మాటకొస్తే చర్మం లోపలున్నదేదీ ఆ అద్దాలకు కనిపించదు. నువ్వు వీడియోలో చూసిన ఎముక ముందే తీసి పెట్టుకున్న బొమ్మ. ఆ బొమ్మను తెచ్చి అసలు ఎముక ఉన్నచోటే నిలబెట్టడం, అంతవరకే అద్దాల పని. చెప్పుకుంటే చిన్న పని, చేయబోతే కొండంత. ఎందుకో నెమ్మదిగా చూద్దాం.

ముందు బొమ్మ సంగతి. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టాక, కోయకుండానే ఎముకను చూడటం వీలైంది. కానీ ఎక్స్‌రే బొమ్మ అంటే నీడే. నీడలో లోతు తెలియదు. ముందున్న ఎముక, వెనకున్న ఎముక ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. అందుకే చెయ్యి విరిగితే ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి రెండు ఎక్స్‌రేలు తీయమంటారు. ఈ చిక్కు చాలావరకు తీరింది 1971లో. ఆ ఏడాది అక్టోబరులో లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రంతో మొదటిసారి ఒక పేషెంటు తలను స్కాన్ చేశారు. సీటీలో ఎక్స్‌రే గొట్టం మనిషి చుట్టూ తిరుగుతుంది. అన్ని దిక్కుల నుంచి వచ్చిన నీడలను కలిపి లెక్కగట్టి, ఆ చోట ఒంటిని అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో కంప్యూటరు గీసి చూపిస్తుంది. మిల్లీమీటరుకో అర మిల్లీమీటరుకో ఒకటి చొప్పున అలాంటి అడ్డకోతలు వందలు తీయొచ్చు. నాయినమ్మ స్కానింగు ఫిల్ము ఇంట్లో ఉంటే కిటికీ వెలుతురుకు పట్టి చూడు. వరసల్లో చిన్న చిన్న బొమ్మలుంటాయి. చాలావాటిలో ఒక్కో బొమ్మ ఒక్కో కోత. ఆ కోతలన్నిటినీ వరసగా పేర్చమంటే కంప్యూటరు నిండు వెన్నెముకను కట్టి ఇస్తుంది. తెర మీద దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

బొమ్మ వచ్చింది సరే, దాన్ని చూస్తూ కోయడం ఎలా? చాలాకాలం సర్జన్లు ఫిల్మును గోడకున్న లైటుపెట్టెకు తగిలించి, చూసి గుర్తుపెట్టుకుని, తల దించి పని చేసేవాళ్లు. ఇప్పటికీ ఎక్కువ ఆపరేషన్లు ఇలాగే జరుగుతాయి, బాగానే జరుగుతాయి. ఆ తర్వాత కంప్యూటరు ఆపరేషన్ గదిలోకి వచ్చింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దానికి తొలి డైరెక్టరు చిత్తూరు ప్రాంతంలో పుట్టిన మన రాజ్ రెడ్డి. ఆయన నిలబెట్టిన ఆ సంస్థలోనే 1990లలో ఆంథొనీ డిజోయా అనే ఎముకల సర్జను, ఇంజనీర్లు కలిసి హిప్‌నావ్ అనే పద్ధతిని తయారుచేశారు. తుంటి కీలు మార్చేటప్పుడు కొత్త గిన్నెను ఏ కోణంలో బిగించాలో అది తెర మీద చూపించేది. అయితే తెర ఒక పక్క, చేతులు ఒక పక్క. సర్జను తల మాటిమాటికీ తిరుగుతూనే ఉండాలి. బొమ్మ చేతుల దగ్గరికే వస్తే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. అద్దాలు పుట్టింది ఆ అవసరంలోంచే.

కనిపిస్తున్న లోకాన్ని మూసేయకుండా దాని మీద బొమ్మను ఎలా చూపిస్తారు? ఈసారి కోదాడ నుంచి హైదరాబాదుకు రాత్రి బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చో. బస్సులో లైటు వెలుగుతుంటే, సూర్యాపేట దాటాక చీకటి పొలాల మీద నీ ముఖం తేలుతూ వస్తుంది. గాజు బయటి వెలుగును లోపలికి రానిస్తుంది, లోపలి వెలుగులో కొంత వెనక్కి కొడుతుంది. రెండూ నీ కంట్లోనే కలుస్తాయి కాబట్టి పొలమూ ముఖమూ ఒకేచోట ఉన్నట్టుంటాయి. డాక్టరు పెట్టుకున్న అద్దంలో పని ఇదే. కణతల దగ్గరో నుదుటి దగ్గరో ఉన్న బుల్లి తెర బొమ్మను వెలిగిస్తుంది, కంటి ముందున్న గాజు దాన్ని కంట్లోకి మళ్లిస్తుంది, అదే గాజులోంచి పేషెంటూ కనిపిస్తుంది. ఇలా ఉన్న లోకం మీద లేని బొమ్మను చేర్చడాన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు.

అదే బస్సులో మధ్యాహ్నం ప్రయాణిస్తే నీ ముఖం కనిపించదు. గాజు మారలేదు, బయటి వెలుగు ఎక్కువైంది. ఆపరేషన్ బల్ల మీది దీపం సంగతి కూడా ఇంతే. మన ఇళ్లలో రాత్రిపూట వెలుతురు వంద, రెండు వందల లక్సులుంటే గొప్ప. ఆపరేషన్ దీపానికి కనీసం నలభై వేల లక్సులుండాలని ప్రమాణం. ఆ వెలుగులో బొమ్మ వెలవెలబోతుంది. అందుకని అద్దాలకు కొంచెం నలుపు పూస్తారు, లేదా దీపాన్ని తగ్గించుకుంటారు. వీడియోలో అవి నల్లగా ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా.

బొమ్మ కనిపిస్తే చాలదు, ఎంత లోతులో ఉందో కూడా తెలియాలి. ఒక కన్ను మూసుకుని సూదిలోకి దారం ఎక్కించి చూడు. పక్కకు పోతుంది. మన రెండు కళ్ల మధ్య ఆరు సెంటీమీటర్ల పైచిలుకు దూరం ఉంటుంది, అందువల్ల రెండిటికీ ఒకే వస్తువు కాస్త తేడాగా కనిపిస్తుంది. ఆ తేడాలోంచే మెదడు లోతును లెక్కగడుతుంది. 1838లోనే ఇంగ్లండులో వీట్‌స్టన్ ఈ కిటుకు పట్టుకుని, కొంచెం తేడా ఉన్న రెండు బొమ్మలను ఒక్కో కంటికి ఒక్కొక్కటి చూపించి లోతును పుట్టించాడు. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ దానికి కంప్యూటరును జతచేసి, తలకు తగిలించుకునే తెరను తయారుచేశాడు. అది ఎంత బరువంటే పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. సగం పారదర్శకంగా ఉండే గాజులోంచే ఆయనా చూపించాడు. అంటే మనం కొత్తదనుకునే ఈ సామానుకు యాభై ఏళ్లు దాటాయి.

ఇక్కడొక చిక్కు మిగిలిపోయింది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కళ్లు లోపలికి తిరుగుతాయి, కంటి కటకం కూడా దగ్గరికి సర్దుకుంటుంది. రెండూ జోడుగా జరగాలి. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ లాంటి అద్దాల్లో బొమ్మ ఎక్కడున్నట్టు కనిపించినా కటకం మాత్రం సుమారు రెండు మీటర్ల దూరానికే సర్దుకోవాలి. సర్జను చేతులేమో అర మీటరు దూరంలో ఉంటాయి. అందుకే ఎక్కువసేపు పెట్టుకుంటే కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది.

ఇప్పుడు అసలు కష్టం. బొమ్మను అసలు ఎముక మీద తెచ్చి నిలబెట్టాలి. దీన్ని రిజిస్ట్రేషన్ అంటారు. నడుము ఆపరేషన్లలో కొన్నిటిలో పక్కపక్క వెన్నుపూసలను కదలకుండా స్క్రూలతో బిగిస్తారు. స్క్రూ వెళ్లాల్సిన దారి వెన్నుపూసకు రెండు పక్కలా ఉన్న సన్నటి ఎముక. వీపు మధ్య భాగంలో అది కొందరిలో ఐదు మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండదు. లోపలివైపు వెన్నుపాము, కిందా పైనా నరాలు. బొమ్మ మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా సర్జనుకు అబద్ధం చెప్పినట్టే.

అందుకని ఏం చేస్తారంటే, పేషెంటు వెన్నెముకకు ఒక చిన్న బిగింపు పెట్టి, దానికి కెమెరా గుర్తుపట్టే గుర్తులు తగిలిస్తారు. అలా ఉండగానే ఆపరేషన్ బల్ల మీద మరోసారి స్కాన్ తీస్తారు. ఫలానా ఎముక ఈ గుర్తులకు ఎంత దూరంలో ఉందో కంప్యూటరుకు తెలిసిపోతుంది. సర్జను చేతిలోని పనిముట్టుకూ గుర్తులుంటాయి. ఇక కెమెరా క్షణం తీరిక లేకుండా మూడు విషయాలు కొలుస్తుంది: వెన్నెముక ఎక్కడుంది, పనిముట్టు ఎక్కడుంది, సర్జను తల ఎక్కడుంది. తల కొంచెం వంగినా బొమ్మను ఆ మేరకు తిప్పి గీయాలి, లేకపోతే ఎముక గాల్లో ఈదినట్టు కనిపిస్తుంది. ఎవరి మోచెయ్యో తగిలి బిగింపు జరిగిందా, బొమ్మ అందంగానే ఉంటుంది కానీ చోటు తప్పుతుంది. జరిగిన సంగతి అద్దాలు తమంతట చెప్పవు. కాబట్టే జాగ్రత్తగల సర్జను మధ్యమధ్యలో పనిముట్టు కొసను తెలిసిన ఎముక మీద ఆనించి, బొమ్మలోనూ అక్కడే ఆనిందా అని సరిచూసుకుంటాడు.

శవాల మీద ఇలా 120 స్క్రూలు బిగించి పరీక్షించినప్పుడు దాదాపు 97 శాతం సరైన చోట పడ్డాయని 2019లో అమెరికా డాక్టర్లు ప్రకటించారు. 2020 జూన్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో టిమోతీ విథమ్ బృందం నడుము నొప్పితో వచ్చిన ఒక పేషెంటుకు ఇలాంటి అద్దాలు పెట్టుకుని ఆరు స్క్రూలు బిగించింది. ఆ అద్దాల్లో కెమెరా గది మూలన ఉండదు, తలకే ఉంటుంది. మధ్యలో నర్సు అడ్డం వచ్చి చూపు తెగిపోయే బాధ తగ్గింది.

వెన్నెముకతోనే ఎందుకు మొదలుపెట్టారు? ఎముక గట్టిది, స్కాన్ తీసినప్పుడు ఏ ఆకారంలో ఉందో కోసినప్పుడూ అదే ఆకారంలో ఉంటుంది. తల పుర్రె కూడా అంతే. కాలేయం అలా కాదు. ఊపిరి పీల్చిన ప్రతిసారీ కిందికి జారుతుంది, చేత్తో పట్టుకుంటే వంగుతుంది. నిన్న తీసిన బొమ్మ ఇవాళ దానికి సరిపోదు. మెత్తని అవయవాలకు ఈ అద్దాలు ఇంకా సరిగ్గా అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే. దీనికి నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. పిట్స్‌బర్గ్‌లో జార్జ్ స్టెటన్ అనే పరిశోధకుడు పాత బొమ్మనే వద్దనుకున్నాడు. అల్ట్రాసౌండు బొమ్మ అప్పటికప్పుడు వచ్చేది. స్కానింగు కడ్డీకి ఒక పక్క బుల్లి తెర, మధ్యలో సగం పారదర్శకమైన అద్దం బిగించాడు. అద్దంలోంచి చేతి వైపు చూస్తే రక్తనాళం బొమ్మ అది నిజంగా ఉన్న లోతులోనే చర్మం కింద వెలుగుతుంది. కళ్లద్దాలూ అక్కర్లేదు, కెమెరాలూ అక్కర్లేదు. సూదిని నేరుగా ఆ వెలుగులోకి పోనివ్వడమే.

మన ప్రాంతపు వెన్నెముకల గురించి ఒక మాట చెప్పాలి. నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు తరాల తరబడి చేసిన నష్టం నీకు తెలిసే ఉంటుంది. నీళ్లలోంచి ఫ్లోరైడును తీసే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఫ్లోరోసిస్ ముదిరితే ఎముకలు మరీ దట్టమవుతాయి, వెన్నుపూసలను కట్టి ఉంచే మెత్తటి పట్టీలు కూడా ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపాము ఉండే గొట్టం ఇరుకవుతుంది. సర్జను చేత్తో తడిమి పోల్చుకునే గట్లూ గుంటలూ పూడుకుపోతాయి. అలాంటి వీపులో లోపలి ఆకారాన్ని కళ్లముందు నిలబెట్టే అద్దం మామూలు వీపులో కంటే ఎక్కువ ఆదుకుంటుందని నా ఉద్దేశం. ఈ సామాను గురించి ఆలోచించే పెద్ద ఆసుపత్రులు ఫ్లోరైడు బాధ పడ్డ మర్రిగూడ లాంటి ఊళ్లను గుర్తుపెట్టుకోవాలి.

మెచ్చుకోలుతో పాటు ఒక హెచ్చరిక కూడా ఉంది. టొరంటోలో సర్జన్లకు ముక్కు గుండా కెమెరా పంపి లోపల ఒక గుర్తును వెతికే పని ఇచ్చారు. సగం మందికి బొమ్మ సాయం ఉంది, సగం మందికి లేదు. సాయం ఉన్నవాళ్లు గుర్తును మరింత కచ్చితంగా పట్టుకున్నారు. కానీ అక్కడ ఉండకూడని వస్తువొకటి కళ్లెదుటే పెడితే, దాన్ని గమనించినవాళ్లు సాయం లేని గుంపులోనే ఎక్కువ. ఇది 2013లో అచ్చయింది. మెరిసే బొమ్మ చూపును తనవైపు లాక్కుంటుంది, పక్కనున్నది మరుగున పడుతుంది.

ఇంతవరకు చెప్పింది ఒక రకం. రెండో రకం అద్దాల్లో బయటి లోకం అసలు కనిపించదు. కళ్లను పూర్తిగా మూసేసి, చుట్టూ మరో లోకాన్ని గీసి చూపిస్తారు. అది వర్చువల్ రియాలిటీ. చూడటానికి ఇదే పెద్ద మాయలా ఉంటుంది కానీ నిజానికి ఇది తేలిక. ఎందుకంటే బొమ్మను దేనితోనూ సరిపోల్చాల్సిన పని లేదు. అందులోని ఎముక మూడు మిల్లీమీటర్లు పక్కకు ఉన్నా ఎవరి నరమూ తెగదు. అందుకే వైద్యంలోకి ఇది ముందొచ్చింది, ముందుగా నేర్చుకునేవాళ్ల దగ్గరికొచ్చింది.

పిత్తాశయం తీసే ఆపరేషన్ చిన్న రంధ్రాల గుండా, తెర చూస్తూ చేస్తారు. 2002లో యేల్ విశ్వవిద్యాలయంలో పదహారు మంది శిక్షణ డాక్టర్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మామూలు శిక్షణతో పాటు కంప్యూటరు బొమ్మల మీద అభ్యాసం చేయించారు. తర్వాత అందరూ నిజమైన పేషెంట్లకు పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో ఆపరేషన్ చేశారు. బొమ్మల మీద నేర్చినవాళ్లు 29 శాతం త్వరగా పని ముగించారు, సగటున చేసిన తప్పులు ఆరో వంతే. కారణం ఊహించడం కష్టం కాదు. తప్పు చేసి, మళ్లీ మొదటికొచ్చి, మళ్లీ చేసే వీలు పేషెంటు దగ్గర ఉండదు. కంటి పొర తీసే ఆపరేషన్‌కు హెల్ప్‌మీసీ అనే సంస్థ చేసిన యంత్రంలో చేతిలోని పనిముట్టును లోపలి మోటార్లు వెనక్కి నెడతాయి. గట్టిగా ఉన్నచోట గట్టిగా, మెత్తగా ఉన్నచోట మెత్తగా తగులుతుంది. చేతికి తెలియకుండా కంటికే తెలిస్తే సర్జరీ రాదు మరి.

సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ 150 సీట్లతో 2019లో మొదలైంది. దేశమంతటా ఎంబీబీఎస్ చదువు మారింది కూడా ఆ ఏడాదే. పేషెంటును తాకకముందే బొమ్మల మీద చేతిపని నేర్పే స్కిల్ ల్యాబు ప్రతి కాలేజీలోనూ ఉండాలన్నారు. నువ్వడిగిన అద్దాలు మన ఊరికొస్తే ఈ తలుపు గుండానే ముందు వస్తాయనుకుంటాను, ఆపరేషన్ గదిలోకి తర్వాత. మొదటిదానికి ఒక కంప్యూటరు, ఒక జత అద్దాలు చాలు. రెండోదానికి బల్ల మీదే తీసే స్కానరు, వెన్నెముక సర్జరీ రోజూ చేసే బృందం, యంత్రం మొరాయిస్తే అదే రోజు వచ్చే ఇంజనీరు కావాలి.

ఈ మూసిన అద్దాలు పేషెంట్లకూ పనికొస్తాయి. కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు నొప్పి ఎంత భయంకరమో అనుభవించినవాళ్లకే తెలుసు. సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అలాంటి రోగులకు మంచులోకం చూపించడం మొదలుపెట్టారు. పేషెంటు మంచు లోయలో తేలుతూ మంచు ముద్దలు విసురుతుంటాడు, నర్సు కట్టు మారుస్తుంటుంది. నొప్పి తగ్గిందని వాళ్లు చెప్పారు. మెదడును స్కాన్ చేస్తే నొప్పికి సంబంధించిన చోట్ల అలజడి తగ్గినట్టూ కనిపించింది. నొప్పిని నొప్పిగా గుర్తించడానికి మెదడు దృష్టి పెట్టాలి. ఆ దృష్టి అపారం కాదు, వేరేచోట ఖర్చయిపోతే నొప్పికి మిగిలేది తక్కువ. 1888, 1889లలో క్లోరోఫాం అనే మత్తుమందు ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి మన హైదరాబాదులోనే నిజాం ఖర్చుతో రెండు కమిషన్లు కూర్చున్నాయి. మందుతో నొప్పిని ఆపబోతే గుండె, ఊపిరి ఆగుతాయేమోనన్న భయం వాళ్లది. మంచులోకానికి ఆ భయం లేదు. ఎటొచ్చీ అది మత్తుమందుకు బదులు కాదు, తోడు మాత్రమే.

నడుము నొప్పికి కూడా ఒకటుంది. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లు ఇంట్లోనే ఎనిమిది వారాలు వాడే ఒక వర్చువల్ రియాలిటీ చికిత్సకు 2021 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. లోతుగా ఊపిరి తీయడం, దృష్టి మళ్లించడం అది నేర్పుతుంది. కొందరికి ఈ అద్దాలు పెట్టుకుంటే కడుపులో తిప్పుతుంది. కన్ను కదులుతున్నానంటుంది, చెవి లోపల తూకం చూసే భాగం కూర్చునే ఉన్నానంటుంది, ఆ తగువులో వాంతి వచ్చినట్టవుతుంది. నాయినమ్మ వయసువాళ్లకు కూర్చోబెట్టే ఇవ్వాలి.

ఇక నాయినమ్మ ఆపరేషన్. అద్దాలు లేవని భయపడొద్దు. స్క్రూలు బిగించేటప్పుడు అప్పటికప్పుడు ఎక్స్‌రే చూపించే సీ-ఆర్మ్ అనే యంత్రంతో ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నారు. ఆపరేషన్ నిజంగా అవసరమా, మందులు, వ్యాయామంతో కొన్నాళ్లు చూడొచ్చా, ఇలాంటివి మీరెన్ని చేశారు అని డాక్టరును అడగమని మీ నాన్నకు చెప్పు. అలా అడగడం తప్పు కాదు. రెండో అభిప్రాయం కోసం హైదరాబాదు వెళ్లేటట్టయితే స్కానింగు సెంటరు వాళ్లను ఫిల్ముతో పాటు సీడీ కూడా ఇమ్మనండి. ఫిల్ము మీద కొన్ని కోతలే అచ్చవుతాయి, వాటిని మళ్లీ పేర్చడం కుదరదు. సీడీలో తీసిన కోతలన్నీ ఉంటాయి. అక్కడి డాక్టరు వాటిని పేర్చి, నాయినమ్మ వెన్నెముకను తన తెర మీద కట్టుకుని తిప్పి చూసుకోగలుగుతాడు.